మందు డ్రమ్ము కడిగిన నీళ్లు: మా మిరప ఊళ్ల నీటి చరిత్ర

ప్రతి ఏడాది ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటాం. నీళ్ల లెక్క మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. ఈసారి పాలకవర్గ సమావేశంలో నీళ్ల మీద ఒక వ్యాసం ఉండాలన్నారు. పోయిన కార్తీకంలో మా గ్రామ సంఘంలో నీళ్ల మీదే గొడవ జరిగింది కాబట్టి నన్నే రాయమన్నారు. ఆ గొడవ ఏమిటంటే, మా ఊరి మంచినీళ్ల చెరువుకు నీళ్లు తెచ్చే మైనరు కాలువలో మందు కొట్టే డ్రమ్ములు కడగకూడదని మేము తీర్మానం రాశాం. చూడటానికి చిన్న తీర్మానమే. కానీ అది ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మన గుంటూరు, ప్రకాశం మెట్ట అంతా ఎక్కువగా నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పు నీళ్లే పడతాయి. అందుకే పాతకాలంలో వాన నీళ్లు నిలబెట్టుకునే చెరువే ఊరికి ప్రాణం. మంచినీళ్ల చెరువు వేరు, పశువుల కుంట వేరు. మంచినీళ్ల చెరువులో బట్టలు ఉతకరాదు, చెప్పులతో దిగరాదు అని పెద్దవాళ్లు కట్టడి పెట్టుకున్నారు. పెద్ద చెరువుల్లో మనకు అందరికీ తెలిసింది కంభం చెరువు. గుండ్లకమ్మకు కొండల మధ్య అడ్డంగా కట్టింది, విజయనగర రాజుల కాలం నాటిది. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దానికి వారసత్వ సాగునీటి కట్టడం అని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఒక ఆడమనిషి పేరు చెప్పుకునే చెరువు మన దగ్గరే ఉందని మా గ్రూపు మీటింగులో చెప్తే, సగం మందికి ఆ సంగతి తెలియదు.

చెరువులు ఉన్నా వాన లేకపోతే ఏమీ లేదు. 1832-33లో నందన నామ సంవత్సరం కరువు వచ్చింది. డొక్కల కరువు అని కూడా అంటారు. అప్పటి గుంటూరు జిల్లాలో 5 లక్షల మంది జనం ఉంటే 2 లక్షల మంది దాకా పోయారని చరిత్రలో రాశారు. ఆ చావులు చూశాకే కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న మాట గట్టిపడింది. కాటన్ దొర ఆలోచనతో బెజవాడ దగ్గర 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. డెల్టా పచ్చబడింది. మెట్ట మాత్రం ఇంకో వంద సంవత్సరాలు మెట్టగానే ఉండిపోయింది. జొన్న, సజ్జ, వరిగ, ఆముదం, తర్వాత పొగాకు, ఇవే మనవాళ్ల పంటలు.

నీళ్లు తక్కువ అన్నది ఒక బాధ అయితే, ఉన్న నీళ్లు మంచివి కాకపోవడం ఇంకో బాధ. దర్శి, పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడ మనుషులకు పళ్లు గారపట్టడం, నడుములు బిగుసుకుపోవడం ఎందుకో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు చూసి, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండటం వల్లే అని 1937లో ప్రచురించారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును మొదట గుర్తించింది అక్కడే. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని ఇప్పుడు బడిపిల్లలు కూడా చెబుతున్నారు. మా పెద్దమ్మది ఆ వైపు ఊరే. ఆమె నవ్వేటప్పుడు చెంగు అడ్డం పెట్టుకునేది. చిన్నప్పుడు సిగ్గు అనుకునేదాన్ని.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు, 203 కిలోమీటర్ల పొడవు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సుమారు 11 లక్షల ఎకరాలకు నీళ్లు ఇవ్వాలని దాన్ని తవ్వారు. ప్రకాశం జిల్లా కూడా సాగర్ తర్వాత పుట్టిందే. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో ప్రకాశం పేరు పెట్టారు.

కాలువ రాగానే బతుకు మారిపోయింది. మాగాణి కొంతే, మిగతా అంతా ఆరుతడి పంటలు. పొగాకు పోయి పత్తి వచ్చింది, మిరప పెరిగింది. మా మామయ్య గారు అంటుంటారు, కాలువ వచ్చిన ఏడు ఊళ్లో మొదటిసారి ఇత్తడి బిందెలు కొన్నారని. ఇంకో మార్పు కూడా వచ్చింది, అది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాన నీళ్లతో నిండే మంచినీళ్ల చెరువు కాలువ నీళ్లతో నిండటం మొదలైంది. ఉప్పు నీళ్ల ఊళ్లకు, ఫ్లోరైడ్ ఊళ్లకు ఇది నిజంగా వరమే, నేను కాదనను. ఇప్పటికీ ఎండాకాలంలో తాగునీటి కోసం కాలువ వదిలి చెరువులు, ఎస్ఎస్ ట్యాంకులు నింపుతారు. కానీ చెరువు వాన మీద బతికినన్నాళ్లు దాని చుట్టూ ఉన్న బీడును కాపాడితే సరిపోయేది. కాలువ మీద బతకడం మొదలుపెట్టాక, పైన ఎన్ని ఊళ్లు ఉన్నాయో అన్ని ఊళ్ల చేలను దాటుకుని వచ్చిన నీళ్లు మన బిందెలోకి వస్తాయి. మిరపకు పెట్టే నీళ్లు, మనం తాగే నీళ్లు ఒకటే అయిపోయాయి. మాది మేజరు చివర ఊరు కాబట్టి మాకు ఇది ఎక్కువ తెలుసు.

చెరువు నీళ్లు అందరికీ అందరితో సమానంగా దొరికాయని మాత్రం అనుకోకండి. దళితవాడ ఆడవాళ్లు గట్టు కింద నిలబడి ఎవరైనా కడవలో పోస్తే తీసుకెళ్లిన రోజులు మా అమ్మమ్మ చూసింది. 1985 జులైలో కారంచేడులో జరిగింది చెప్పకుండా మన జిల్లాల నీటి చరిత్ర రాయలేం. దళితులు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే వద్దన్నారు. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అనే ఆమె మీదికి కొట్టడానికి వస్తే బిందె ఎత్తి అడ్డం పెట్టింది. మర్నాడు, జులై 17న, పెత్తందారులు పల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితులు చనిపోయారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. దేశమంతా దాని గురించి మాట్లాడింది, దళిత మహాసభ పుట్టింది. చాలామంది దాన్ని కులం గొడవగా చెబుతారు, అది నిజమే. కానీ మొదలు మాత్రం తాగే నీళ్లు పాడుచేయొద్దు అన్న మాటే. మా గ్రామ సంఘంలో అన్ని కులాల ఆడవాళ్లం ఒకే చాప మీద కూర్చుంటాం. ఈ సంగతి చదివి వినిపించినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక పత్తి సంగతి. 1980ల్లో పత్తికి తెల్లదోమ వచ్చింది, తర్వాత శనగపచ్చ పురుగు వచ్చింది. కొత్త మందులు దిగాయి. మొదట్లో ఒక్కసారి కొడితే పురుగు రాలిపోయేదట. తర్వాత అదే మందుకు పురుగు చావడం మానేసింది. రెండు మందులు కలిపి, మూడు మందులు కలిపి కొట్టారు. 1987-88 నాటికి పంట పోయి, అప్పు తీరక, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి చనిపోయారు. మన రాష్ట్రంలో పత్తి రైతుల ఆత్మహత్యలు అనే మాట అప్పుడే పెద్దగా వినపడింది. ఆ తర్వాత చాలామంది పత్తి తగ్గించి మిరప పెంచారు. 2002లో బీటీ పత్తి వచ్చాక పత్తికి కాయతొలుచు పురుగు మందు తగ్గింది గానీ, రసం పీల్చే పురుగులకు కొట్టడం ఆగలేదు.

ఇక్కడ నేను కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ లెక్క ఏ పుస్తకంలోనూ రాయరు. మందు కొట్టేది మగవాళ్లు. నీళ్లు మోసేది ఎవరు? ఒక ఎకరం మిరపకు ఒకసారి మందు కొట్టాలంటే సుమారు 200 లీటర్ల నీళ్లు కావాలి. మా బిందె 15 లీటర్లు పడుతుంది. అంటే పదమూడు పద్నాలుగు బిందెలు. మా ఊళ్లో మిరపకు తక్కువలో తక్కువ పదిహేను సార్లు కొడతారు. పదిహేనుసార్లకు 3000 లీటర్లు, 200 బిందెలు. ఎకరానికి 200 బిందెలు కాలువ నుంచి గట్టు మీదుగా నెత్తిన పెట్టుకుని చేలోకి తెచ్చింది మా అత్తలు, మా అమ్మలు, మేము. ఇప్పుడు మోటారు, పైపు వచ్చి మోత తగ్గింది, అది వేరే సంగతి. కాలువలో బిందె ముంచేది మేమే కాబట్టి, గట్టు మీద ఎవరి డ్రమ్ము కడిగారో, నురగ ఎటు పోయిందో మాకు కనపడేది. ఖాళీ డబ్బాలు కాలువలో తేలుతూ వచ్చేవి. ఆ డబ్బాల్ని కడిగి కిరసనాయిలుకు, కొందరు మంచినీళ్లకు కూడా వాడేవాళ్లు. మా చిన్నప్పుడు ఒక ఉదయం చెరువులో చిన్న చేపలు తెల్లగా తేలాయి. పిల్లలం ఏరుకోవడానికి పోతే నాయనమ్మ కర్ర పుచ్చుకుని వెంటపడింది. ఎండోసల్ఫాన్ లాంటి మందులు చేపలకు ఎంత విషమో నాకు తర్వాత చదివితే తెలిసింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతా ఆపింది.

మిరపకాయలు కోసేవాళ్లు ఎక్కువ ఆడవాళ్లే. ఎండలో కోత కోసి దాహం వేస్తే దగ్గర్లో ఉన్న బోదెలో దోసిలి పట్టి తాగేది కూడా వాళ్లే. దీనికి కూడా ఎవరి దగ్గరా లెక్క లేదు.

ఈ మధ్య పాడేరు, అరకు వైపు కాఫీ గురించి ఒక శిక్షణలో చెప్పారు. అక్కడ కాఫీ పండు తొక్క తీసి, గింజ మీది జిగురు పోవడానికి కడుగుతారు. ఆ కడిగిన నీళ్లు అలాగే వాగులో వదిలితే పులిసిపోయి, నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, చేపలు బతకవు, కింది ఊళ్లకు వాసన. అందుకని గుంటలు తవ్వి నీళ్లు ఆపడం, కడిగిన నీళ్లే మళ్లీ వాడటం, తక్కువ నీళ్లతో తొక్క తీసే యంత్రాలు పెట్టడం చేస్తున్నారు. అక్కడ కూర్చున్న మా వాళ్లలో ఒకామె, మన మిరప కడిగే పంట కాదుగా, కళ్లంలో ఎండబెట్టుకుంటాం, మనకు ఆ బాధ లేదు అంది. అవును, పంటను కడగం. డ్రమ్మును కడుగుతాం. కాఫీ వాళ్లకు నీళ్లు పాడయ్యేది కోత అయిపోయాక, ఒకే చోట, కళ్లకు కనపడుతుంది. మనకు నాటిన దగ్గర్నుంచి ఆఖరు కోత దాకా, వంద చోట్ల, కనపడకుండా పాడవుతాయి.

నీళ్ల మీద మాట్లాడే హక్కు ఎవరికి ఉంది అన్నది కూడా చూడాలి. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు, ఎన్నికలు జరిగాయి. కాలువ బాగుచేయడం, పూడిక తీయడం వాళ్ల చేతికి వచ్చింది. మంచి పనే. కానీ ఆయకట్టు కింద భూమి పేరున ఉన్నవాళ్లకే ఓటు. మా ఊళ్లో పాసుపుస్తకం ఆడవాళ్ల పేరున ఉన్న ఇళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బిందె మోసేవాళ్లకు ఓటు లేదు, కూలికి పోయేవాళ్లకు అసలే లేదు. 2002 నుంచి 2004 దాకా సాగర్‌లోకి నీళ్లు సరిగా రాని ఏళ్లలో చివరి ఊళ్లకు చుక్క రాలేదు. అప్పుడు బోర్లు పడ్డాయి. పడమటి ప్రకాశంలో అయితే వెయ్యి అడుగులు వేసినా తడి తగలని బోర్లు ఉన్నాయి.

ఆ పడమటి వైపే ఒక మంచి పని జరిగింది. రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే పథకం, ఆంగ్లంలో పొట్టిగా ఏపీ ఫాంగ్స్ అనేవాళ్లు, ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో నడిచింది. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచేవాళ్లు, వాన మాపకంలో వాన రాసుకునేవాళ్లు, రబీ ముందు ఊరంతా కూర్చుని, ఇన్ని నీళ్లు ఉన్నాయి, ఈ పంటలు వేస్తే ఇన్ని ఖర్చవుతాయి అని లెక్క వేసి గోడ మీద రాసేవాళ్లు. ఎవరినీ ఈ పంట వేయొద్దని అనలేదు. లెక్క చూసి ఎవరికి వాళ్లే తగ్గించుకున్నారు. ఆడవాళ్లు కూడా టేపు పట్టి కొలిచారు. 2009 నాటికి పథకం అయిపోయింది. ఆ వైపు చుట్టాల ఊరికి పోయినప్పుడు ఆ గోడ చూశాను, రంగు వెలిసిపోయి అంకెలు కనపడటం లేదు. కొలిచిన ఒక పెద్దామె మాత్రం, ఇప్పటికీ మా బోరు నీళ్లు ఎక్కడున్నాయో నేను చెప్పగలను అంది.

మందు తగ్గించే పని మాత్రం మన సంఘాల ద్వారానే వచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు ఉంది. గుంటూరు వైపు నుంచి వలస పోయిన రైతులే పత్తి, మిరప, వాటితో పాటు మందులు కూడా అక్కడికి తీసుకెళ్లారని చెబుతారు. చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గనిపించింది. అక్కడి మహిళా సంఘాలు మగవాళ్లను ఒప్పించి, వేప కషాయం, లింగాకర్షక బుట్టలు వాడి, 2003 నాటికి ఊరు మొత్తం పురుగుమందులు మానేసింది. అది చూసి 2004 నుంచి సెర్ప్ వాళ్లు మన వెలుగు సంఘాల ద్వారా ఎన్‌పీఎం అని, అంటే పురుగుమందులు లేని సాగు అని మొదలుపెట్టారు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ దాన్ని ప్రకృతి వ్యవసాయంగా నడుపుతోంది. ఘనజీవామృతం, ద్రవజీవామృతం, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం, చేను చుట్టూ జొన్న, మధ్యలో బంతి, ఆముదం, ఇవన్నీ మనకు తెలిసినవే. 2024లో దానికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. ఏ శిక్షణలోనూ ఇది నీళ్ల పథకం అని చెప్పలేదు. కానీ డ్రమ్ములో మందు లేకపోతే కాలువలోకి పోయేది కూడా ఉండదు. నేల మీద ఎప్పుడూ ఏదో ఒక పచ్చదనం ఉంటే వాన నీళ్లు ఇంకుతాయి, మట్టి కొట్టుకుపోయి చెరువు పూడిపోవడం తగ్గుతుంది.

అంతా బాగుందని రాస్తే అబద్ధం అవుతుంది. కూరగాయలు, కందిలో మందు మానడం తేలిక. మిరపలో చాలా కష్టం. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పూత పూతంతా రాలిపోయింది. ఐదేళ్లు మందు తగ్గించుకుంటూ వచ్చినవాళ్లు కూడా భయపడి, మూడు రోజులకొకసారి కొట్టారు. మా ఇంట్లో కూడా కొట్టారు, దాచడం ఎందుకు. షాపుల్లో ఏది ఇస్తే అది తెచ్చారు. కౌలు రైతుకు ఇంకా కష్టం. పంట పోతే కౌలు ఎవరు కడతారని అతను అడిగితే మన దగ్గర జవాబు లేదు.

అందుకే పోయిన కార్తీకంలో మేము మందు మానేయమని తీర్మానం రాయలేదు. మానలేనివాళ్లు కనీసం కాలువలో కడగొద్దని రాశాం. దానికి కారణం కూడా ఉంది. ఒకరోజు పొద్దున చెరువు తూము దగ్గర నీళ్లు పట్టడానికి పోతే మందు వాసన వచ్చింది. ఆ రోజు మా వీధిలో నలుగురు పిల్లలకు వాంతులు అయ్యాయి. మందు వల్లే అని నేను చెప్పలేను, పరీక్ష చేయించలేదు. కానీ గ్రామ సంఘం మీటింగు ఆ సాయంత్రమే పెట్టాం.

మగవాళ్లు చెప్పిన అభ్యంతరాలు మూడు. బోరు దగ్గరికి పోయి కడగాలంటే దూరం. పై ఊళ్లవాళ్లు కడుగుతుంటే మనం ఒక్కరం మానితే ఏం లాభం. ఆడవాళ్లు కాలువ మీద పెత్తనం చేయడం ఏమిటి. మూడోదానికి మేము జవాబు చెప్పలేదు. రెండోది నిజమే, అందుకే పై రెండు ఊళ్ల గ్రామ సంఘాలతో మాట్లాడాం, ఒక ఊరు ఒప్పుకుంది, ఒక ఊరు ఇంకా ఆలోచిస్తోంది. మొదటిదానికి మాత్రం పని చేసి చూపించాల్సి వచ్చింది. డ్రమ్ము మూడుసార్లు కొంచెం కొంచెం నీళ్లతో కడిగి, ఆ నీళ్లు అదే చేలో కొట్టేయాలి, ఇది వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెప్పేదే. దానికి తోడు కాలువకు, బావులకు దూరంగా, చేల దారి పక్కన ఒక గుంట తవ్వించాం. అడుగున వరిగడ్డి, పైన పెంట, మట్టి కలిపి నింపాం. 1990ల్లో స్వీడన్ దేశంలో రైతులు ఇలాంటి గుంటలు మొదలుపెట్టారట. గడ్డిలో, మట్టిలో ఉండే సూక్ష్మజీవులు మందును మెల్లగా విరగ్గొడతాయి. ఖాళీ డబ్బాలకు పక్కనే మూత ఉన్న ఒక పీపా పెట్టాం. గుంటకు, పీపాకు ఖర్చు గ్రామ సంఘం నిధి నుంచి తీశాం, వివరాలు లెక్కల పేజీలో ఉన్నాయి. కోతకు పోయే ఆడవాళ్లు ఇంటి దగ్గర నుంచే నీళ్లు తెచ్చుకోవాలని, కూలి మాట్లాడేటప్పుడే మంచినీళ్ల క్యాన్ సంగతి కూడా రైతుతో మాట్లాడాలని కూడా రాసుకున్నాం. ఇది కొంతమంది రైతులకు నచ్చలేదు, కొంతమంది వెంటనే క్యాన్ తెచ్చారు.

ఈ ఏడాది మిరప నాట్లకు కాలువ వదిలాక, మందులు మొదలైన మొదటి వారం ఇద్దరు సభ్యులం రోజూ సాయంత్రం మైనరు గట్టు మీద కూర్చున్నాం. మొదటి రోజు ముగ్గురు డ్రమ్ములు పట్టుకుని వచ్చారు. మమ్మల్ని చూసి ఇద్దరు ఏమీ అనకుండా గుంట వైపు పోయారు. మూడో అతను మా మరిది. దూరం కదా వదినా, ఈ ఒక్క రోజుకి అన్నాడు. డ్రమ్ము నా చేతికి ఇవ్వు, నేనే మోసుకెళ్లి కడుక్కొస్తాను అన్నాను. ఇవ్వలేదు, తనే పోయాడు.